వాళ్ల విస్తట్లో మా చేతులు

హవాయిలోని కవాయ్ దీవికి ఎలా వెళ్లాలో, ఎక్కడ దిగాలో, ఏం తినాలో వరసగా రాస్తాను. మధ్యలో రాయబోయే సంగతి మాత్రం ఎవరికైనా పనికొస్తుందో లేదో చెప్పలేను. ఊరి పేరు రాయను. దీవికి పడమటి వైపు, ఎర్రమట్టి కొండల కింద ఉన్న చిన్న ఊరు, అంతవరకు చాలు. మీలో ఎవరైనా వెతుక్కుంటూ వెళ్తే దయచేసి అక్కడ నా పేరు ఎత్తకండి.

ఈ ప్రయాణానికి కారణం లినెట్. నాతో పాటు ఒకే టీమ్‌లో పనిచేస్తుంది. చైనా నుంచి వచ్చిన కుటుంబం, పుట్టి పెరిగింది మాత్రం కవాయ్‌లోనే. చెరుకు తోటల్లో కూలికి వచ్చిన వాళ్ల ముత్తాతలు ఆ ఊళ్లో ఒక గుడి కట్టుకున్నారట. దాన్ని చెదలు తిని తిని, చివరికి ఒక తుఫానులో కప్పు కూలిపోయింది. ఊరివాళ్లు ఏళ్ల తరబడి చందాలు పోగుచేసి మళ్లీ అదే చోట, అదే కొలతలతో కట్టారు. ఆ తలుపులు తెరిచే రోజుకి నన్నూ, నా భార్య పద్మనీ, మా అమ్మాయినీ రమ్మంది.

ఆఫీసులో ఇంతమంది ఉండగా మమ్మల్నే పిలవడానికి కారణముంది. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో మేం ఇల్లు కొనుక్కున్నప్పుడు లినెట్ గృహప్రవేశానికి వచ్చింది. వ్రతం అయ్యేదాకా మఠం వేసుకుని కింద కూర్చుంది. ఏది ముట్టుకోవాలన్నా "ముట్టుకోవచ్చా?" అని అడిగింది. దేవుడి ముందు నైవేద్యం పెట్టిన అరిటాకు చూసి "ఇది ఎవరికి?" అంది. ఇక నేను అందుకున్నాను. దేవుడికి పెట్టకముందు మేం ఆ వంటని రుచి చూడం, వాసన కూడా చూడం, చూస్తే ఎంగిలైనట్టే అని పావుగంట సేపు పాఠం చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె శ్రద్ధగా తల ఊపింది. ఆ పావుగంట గుర్తుపెట్టుకోండి.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసు" అనడం నాకు అలవాటు. మా అమ్మాయి అమృత దానికి నా గొంతు పెట్టి మిమిక్రీ చేస్తుంది. ప్రయాణాల విషయంలో మరీను. సీట్లు, కార్లు, గదులు, వెజిటేరియన్ భోజనం, అన్నీ నేనే చూసుకోవాలి. ఈ ప్రయాణానికి ముందు కూడా లినెట్‌కి భోజనం గురించి మూడు ఈమెయిళ్లు పెట్టాను. మాంసం వద్దు, గుడ్డు వద్దు, ఫిష్ సాస్ వద్దు, గరిటె కూడా వేరేగా ఉంటే మంచిది అని. మూడోదానికి ఆమె "శ్రీ, నువ్వేం కంగారుపడకు. మా ఆంటీకి అన్నీ చెప్పాను" అని జవాబు రాసింది. నా పేరు శ్రీధర్. ఆఫీసులో శ్రీ అంటారు.

శుక్రవారం తెల్లవారగానే ఇంట్లోంచి బయలుదేరాం. ఓక్లాండ్ నుంచి లిహూయికి నేరుగా ఫ్లైట్ ఉంది, అయిదున్నర గంటల ప్రయాణం. కిటికీ సీటు కావాలంటే కుడివైపు తీసుకోండి, దిగేటప్పుడు కొండలు కనిపిస్తాయని చదివాను. ఆ రోజు మబ్బులే కనిపించాయి. తిండికి పద్మ రెండు డబ్బాల పులిహోర చేసింది. దిగేముందు పళ్లు, మొక్కలు, విత్తనాలు ఏమైనా తెస్తున్నారా అని ఒక ఫారం నింపమంటారు.

"పులిహోరలో కరివేపాకుంది కదా, రాయాలా?" అంది పద్మ.

"నాకు తెలుసు. వేగిపోయింది మొక్క కిందికి రాదు" అన్నాను. అప్పటికే రెండు డబ్బాలూ దాదాపు ఖాళీ.

నా పక్క సీట్లో ఆ దీవికే చెందిన ఒక పెద్దావిడ కూర్చుంది. మనవరాలి గ్రాడ్యుయేషన్ చూసుకుని తిరిగి వెళ్తోంది. దేనికి వెళ్తున్నారని అడిగితే గుడి సంగతి చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది.

"అమ్మయ్య! ఇన్నాళ్లకి ఆ పెద్దాయనలకి ఇంత అన్నం దొరుకుతుందన్నమాట" అంది.

ఆ పెద్దాయనలు ఎవరని అడగాలి కదా! అడగలేదు. వృద్ధులకి ఏదో అన్నదానం కాబోలని నాకు నేనే తేల్చేసుకుని, అంతా తెలిసినవాడిలా నవ్వాను.

లిహూయి ఎయిర్‌పోర్ట్ చిన్నది, గోడలు తక్కువ, గాలి ఎక్కువ. దిగగానే ముందు కనిపించేవి కోళ్లు. కార్ పార్కింగ్‌లో కోళ్లు, పెట్రోల్ బంకులో కోళ్లు, సూపర్ మార్కెట్ తలుపు దగ్గర పిల్లల్ని వెంటేసుకుని కోళ్లు. ఇవి ఎవరివీ కావట. దీవిలో బస్సులున్నాయి గానీ గంటకొకటి, సామాన్లు ఎక్కువుంటే ఎక్కనివ్వరు, అందుకని కారు ముందే బుక్ చేసుకోండి. పడమటికి గంటలోపే ప్రయాణం. దారిలో ఒకప్పటి చెరుకు మిల్లు గొట్టం ఒకటి గడ్డిలో ఒంటరిగా నిలబడి ఉంది. మేం దిగింది ఒక రిటైర్డ్ టీచర్ ఇంటి వెనకున్న రెండు గదుల కాటేజీ. వంటగది శుభ్రంగా ఉంది. చెప్పులు బయటే విడవాలని తలుపు మీద రాసి ఉంది. పద్మకి అది బాగా నచ్చింది.

సాయంత్రం లినెట్ వచ్చి, ఆంటీ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె లినెట్‌కి మేనత్త, పేరు మే. ఎనభై దాటినావిడ, సన్నగా, పొట్టిగా, రబ్బరు చెప్పులతో గుడి వెనక వంటగదిలో నిలబడి ఎండు పుట్టగొడుగులు నానేస్తోంది. ఆ దీవిలో కూడా పెద్దవాళ్లందర్నీ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. "మనలాగే!" అని అమృత సంబరపడింది.

ఆంటీ నన్ను ఎగాదిగా చూసింది. "మూడుసార్లు ఈమెయిల్ పెట్టింది నువ్వేనా?"

"అవునాంటీ."

"ఒక్కసారి చెప్తే సరిపోయేది" అని మళ్లీ పుట్టగొడుగుల మీదికి వంగింది.

శనివారం ఉదయం తొమ్మిదింటికల్లా గుడి ముందున్నాం. పద్మ పట్టుచీర కట్టుకుంది. చెక్కతో కట్టిన రెండంతస్తుల గుడి, ఆకుపచ్చ రేకు కప్పు. పైన ఎర్రటి మొహం, పొడుగాటి గడ్డం ఉన్న దేవుడు. కింద భోజనాల హాలు, దాని వెనక వంటగది. వచ్చినవాళ్లలో చైనా మొహాలు సగమే. జపాన్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, హవాయి వాళ్లు, అందరూ కలిసిపోయి ఎవరు ఎవరో తెలియకుండా ఉన్నారు. ఎవరో మా మెడల్లో పూలదండలు వేశారు. మొదట ఒక హవాయి పెద్దాయన వాళ్ల భాషలో ఏదో పాడుతూ, పొడుగాటి ఆకుతో గడప మీద నీళ్లు చల్లాడు. మామిడాకుతో మా పురోహితుడు చల్లినట్టే అనిపించి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత డప్పులు, సింహం వేషం, మెట్ల మీద గంతులు. టపాకాయల మోతకి ఊళ్లో కోళ్లన్నీ ఒక్కసారి అరిచాయి. ఆంటీ మే ఎర్రచొక్కా వేసుకుని తలుపులు తోసింది. జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు.

అందరూ దేవుణ్ణి చూడ్డానికి పైకి వెళ్లే మెట్ల దగ్గర బారులు తీరారు. మాకు కాలిఫోర్నియా టైమ్ ప్రకారం అప్పటికే మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దున కాఫీ తప్ప ఏమీ లేదు. ఎండ మాడుస్తోంది. అంతలో లినెట్ రెండు చేతుల్లో ట్రేలతో పరుగెత్తుతూ మా పక్కనుంచి వెళ్లింది.

"శ్రీ, లోపల వెనక తలుపు దగ్గర మీకు చోటు పెట్టింది ఆంటీ. వెళ్లి కూర్చోండి. నేను రెండు నిమిషాల్లో వచ్చి అంతా చెప్తాను" అంది. ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

హాల్లోకి వెళ్లాం. చల్లగా, కొత్త చెక్క వాసనతో ఉంది. టేబుళ్ల మీద ఖాళీ ప్లేట్లు తప్ప ఏమీ లేవు. వెనక తలుపు దగ్గర ఒక్క గుండ్రటి టేబుల్ మీద మాత్రం ఎర్రగుడ్డ పరిచి, భోజనం మొత్తం వడ్డించి ఉంది. గిన్నెల్లో గోపురంలా అన్నం, టోఫు, పుట్టగొడుగులు, సేమియాలాంటి సన్నటి నూడుల్స్ కలిపిన కూర, తెల్లటి తీపి బన్నులు, కమలాపళ్లు, కప్పుల్లో టీ. మాంసం ముక్క లేదు, గుడ్డు లేదు. ఆ టేబుల్ పక్కనే గోడకి ఆనించి మూడు మడత కుర్చీలు, ఒక్కోదాని మీద ఒక్కో పూలదండ. అవి ఎవరో పెద్దమనుషులకి కాబోలనుకున్నాను.

"చూశావా? మన కోసం వేరే టేబుల్. మూడు ఈమెయిళ్లు పెడితే ఊరికే పోతాయా!" అన్నాను పద్మతో.

అమృత కూర్చోలేదు. "నాన్నా, ఇది మన టేబుల్ కాదు అనుకుంటా. ఇంకా ఎవరూ తినట్లేదు. ప్రతి ప్లేస్ దగ్గర కార్డ్స్ ఉన్నాయి చూడు."

"మనది వెజ్ కదమ్మా, కలిసిపోకుండా ముందే పెట్టేశారు. నాకు తెలుసు, కూర్చో."

"లినెట్ ఆంటీ వచ్చి చెప్తా అంది కదా. వెయిట్ చేద్దాం."

"చల్లారిపోతుంది, కూర్చో."

కూర్చుంది గానీ చేతులు ఒళ్లోనే పెట్టుకుంది. గిన్నెల పక్కనున్న ఎర్రకార్డుల మీద నల్లసిరాతో చైనా అక్షరాలున్నాయి. అవి అడ్డొస్తుంటే పేకముక్కల్లా పోగేసి, వాటి మీద నా ఫోన్ పెట్టాను. చిన్న గ్లాసుల్లో ఏదో ఉంటే వాసన చూశాను, మందు. వెజిటేరియన్ టేబుల్ మీద మందెందుకుందన్న అనుమానం కూడా రాలేదు ఈ బుర్రకి. మధ్యలో ఇసక పోసిన గిన్నె ఉంది, అలంకారమేమో అనుకుని పక్కకి జరిపాను. చాప్‌స్టిక్‌లు నాకు చేతకావు. అన్నంలో ఆ కూర వేసుకుని హాయిగా చేత్తో కలుపుకున్నాను. పద్మ బన్ను తుంచింది. "రుచిగా ఉందండీ, మీ ఆంటీ చేయి మంచిది" అంది. నిజంగానే రుచిగా ఉంది. అది కూడా చెప్పాలి కదా.

నేను మూడో గిన్నెలోంచి కూర వేసుకుంటుండగా బయట డప్పులు ఆగిపోయాయి. ముందు తలుపులోంచి ఆంటీ మే రెండు చేతులతో అగరుబత్తులు పట్టుకుని, తల వంచుకుని, మెల్లగా నడిచి వస్తోంది. ఆమె వెనక ఊరంతా, చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా నడుస్తున్నారు. నేరుగా మా టేబుల్ దగ్గరికే వచ్చి, ఆమె తల ఎత్తింది.

గిన్నెలో నా చెయ్యి. నోట్లో ముద్ద. మింగలేను, ఉమ్మలేను. వెనకనున్నవాళ్లలో ఒకరెవరో "అయ్యో" అన్నట్టు ఊపిరి పీల్చారు. ఆంటీ చూపు నా చేతి మీంచి సగం తిన్న గిన్నెల మీదికి, అక్కణ్ణుంచి ఫోన్ కింద ఉన్న కార్డుల మీదికి వెళ్లింది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట క్షమాపణ కాదు. "లినెట్ ఇక్కడే కూర్చోమంది" అన్నాను.

అంతమందిలో, అంత గట్టిగా. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతుంది. జనంలోంచి లినెట్ ముందుకొచ్చింది. మొహం పాలిపోయింది. "అవునాంటీ, నాదే పొరపాటు. సరిగ్గా చెప్పకుండా వెళ్లిపోయాను" అంది. నేను కాదనలేదు.

ఆంటీ అగరుబత్తులు పక్కవాళ్లకి ఇచ్చింది. నా ఫోన్ తీసి నా చేతికి ఇచ్చి, కార్డులు అందుకుంది. ఒక్కొక్కటీ పైకి చదువుతూ, మళ్లీ ఏ కార్డు ఏ గిన్నె దగ్గర ఉండాలో ఆ గిన్నె దగ్గర పెట్టింది. అవి మనుషుల పేర్లని అప్పుడు అర్థమైంది. మేం లేచి నిలబడ్డాం. నా చేతికి అన్నం మెతుకులు ఎండిపోతున్నాయి.

"వీళ్లు ఇక్కడ చెరుకు నరికారు, ఇక్కడే పోయారు. పెళ్లాం పిల్లలు అవతల ఉండిపోయారు, కొందరికి అసలు లేరు. అన్నం పెట్టేవాళ్లు లేక మా నాన్న పెట్టేవాడు, ఆయన తర్వాత నేను. కప్పు కూలిన దగ్గర్నుంచి పెట్టలేదు. ఇల్లే లేనిదే ఎక్కడికి రమ్మని పిలవను? ఇవాళ ముందు వీళ్లు తినాలి. ఆ తర్వాతే మేమంతా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

మాంసం లేకుండా వండడం మా కోసం కాదు. కొత్త ఇంట్లో వాళ్లకి పెట్టే మొదటి భోజనంలో జీవహింస ఉండకూడదని ఆమె పట్టుదల. మన తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తద్దినం నాడు భోక్తల విస్తళ్ల ముందు మనమే కూర్చుని తినేస్తే ఎలా ఉంటుంది? మా నాన్నగారి తద్దినానికి మంచినీళ్లు కూడా ముట్టనివాణ్ణి. ఎంగిలంటే ఏమిటో లినెట్‌కి పావుగంట పాఠం చెప్పినవాణ్ణి. ఏళ్ల తరబడి పస్తున్నవాళ్ల మొదటి ముద్ద నేను ఎంగిలి చేశాను.

పద్మ నాకంటే ముందు తేరుకుంది. చీర కొంగు దోపుకుని, ఎంగిలి గిన్నెలు తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. నేనూ వెనకే వెళ్లాను, జనం మధ్య నిలబడలేక. అక్కడ పొయ్యి మీద అన్నం మాత్రం ఉంది. ఆ పుట్టగొడుగుల కూర ఇంకో గిన్నెడు లేదు, రాత్రంతా నానేస్తే గానీ అయ్యేది కాదు. మిగిలినవన్నీ పంది మాంసం, చేపలు, కోడి. పద్మ కౌంటర్ మీద ఏదో చూసి ఆగిపోయింది. ఫాయిల్ చుట్టిన చిన్న ట్రే. దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలు: శ్రీ ఫ్యామిలీ, మాంసం లేదు, గుడ్డు లేదు. పక్కనే కొత్త గరిటె, దానికింకా షాపు చీటీ అంటుకునే ఉంది.

"మన భోజనం ఇక్కడుందండీ" అంది పద్మ. నేను ఆ గరిటె వైపు చూడలేకపోయాను.

ఆ ట్రే పట్టుకుని ఆంటీ దగ్గరికి వెళ్లాను. "ఆంటీ, ఇది ఎవరూ ముట్టలేదు. మూత కూడా తీయలేదు. ఇది వాళ్లకి పెట్టండి."

"అది మీకు ఇచ్చేశాను. మీ పేరు రాశాను. ఇచ్చింది మళ్లీ లాక్కుని వాళ్లకి నేనెలా పెడతాను?" అంది ఆమె.

"మరి?"

"నీదైతే నువ్వే పెట్టు."

అందరూ చూస్తుండగా, బయటి కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చాను. కొత్త గిన్నెల్లో పద్మ అన్నం పెట్టింది. ఆ కొత్త గరిటెతో, ముగ్గురికి సరిపోయే కూరని అన్ని గిన్నెల్లోకీ చెంచాడు చెంచాడు సర్దాను. చివరి గిన్నెకి నాలుగు నూడుల్స్, ఒక పుట్టగొడుగు మిగిలాయి. ఒక్కో కార్డు దగ్గరికి వెళ్లినప్పుడు ఆంటీ పేరు చదివేది, నేను వడ్డించేవాణ్ణి. టీ మళ్లీ పోశారు. ఇసక గిన్నెలో అగరుబత్తులు గుచ్చి ఆమె వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ భోజనం నీదని చెప్పాను. తక్కువైందని అంటే నిన్ను అడగమన్నాను" అంది. ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

అగరుబత్తులు కాలేదాకా ఎవరూ తినకూడదు. రేకు మీద వాన మొదలైంది. ఊరంతా ఆకలితో నిలబడింది, నా వల్ల ఇంకాస్త ఆలస్యంగా. పసిపిల్లలు పేచీ పెడితే తల్లులు బయటికి తీసుకెళ్లారు. ఆ తర్వాత భోజనాలయ్యాయి. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఒకాయన నా భుజం తట్టి "ఇలాంటివి జరుగుతుంటాయి బ్రదర్" అన్నాడు. ఆ మంచితనానికి మరింత చితికిపోయాను. మా ఇద్దరికీ ముందే కడుపు నిండింది కాబట్టి సరిపోయింది. ఏ తప్పూ చేయని అమృతకి మాత్రం ఆ పూట ఉత్త అన్నం, సోయా సాస్ దొరికాయి. తల వంచుకుని తింది. నా వైపు చూడలేదు.

సాయంత్రం అంట్లు తోమడానికి కూర్చున్నాను. లినెట్ వచ్చి పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టింది. "అందరి ముందు తప్పు నీ మీదికి నెట్టాను. నువ్వు మోశావు. సారీ" అన్నాను.

"చెప్పకుండా వెళ్లిపోవడం నా తప్పేగా" అంది. మరో రెండు గిన్నెలు తుడిచి, నా వైపు చూడకుండానే మళ్లీ మాట్లాడింది. "ఆ మూడు కుర్చీలు మీవి, శ్రీ. పూలదండలు ఉన్నవి."

అర్థం కాలేదు.

"వడ్డించాక ఆంటీ వచ్చి పిలిచేదాకా ఆ టేబుల్‌ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. పిల్లలు ముట్టుకోకుండా, పిల్లులు రాకుండా. అది చాలా పెద్ద మర్యాద. మా కుటుంబాల్లో ఎవరిని కూర్చోబెట్టినా ఇంకొకళ్లకి కోపం. ఎవరిని పెడదామని ఆంటీ అడిగితే నేనే మీ పేరు చెప్పాను. ఆ రోజు మీ ఇంట్లో నువ్వు చెప్పిందంతా చెప్పాను, దేవుడికి పెట్టకముందు వాసన కూడా చూడరని. 'అయితే వాళ్లకి మనం నేర్పక్కర్లేదు' అంది ఆంటీ."

చేతిలో గిన్నె ఉంది. దాన్ని తోముతూనే ఉన్నాను. ఎప్పుడో తెల్లబడింది, అయినా తోముతూనే ఉన్నాను. భూమి చీలి అందులోకి వెళ్లిపోతే బాగుండుననిపించింది.

ఆదివారం ఉదయం తిరుగు ప్రయాణం. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే దారే కాబట్టి గుడి దగ్గర ఆగాం. నిజానికి నాకు ఆగాలని లేదు. పద్మే ఆపించింది. మెట్ల మీద ఎర్ర టపాకాయల కాగితాలు అలాగే ఉన్నాయి. ఆంటీ మే పై మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. నేను వంగి పాదాలు ముట్టబోతే కాళ్లు వెనక్కి లాక్కుంది. "నాకెందుకు? నేనింకా పోలేదు" అంది. తర్వాత అమృతని దగ్గరికి పిలిచి, చేతి సంచిలోంచి మూడు కమలాపళ్లు తీసి ఇచ్చింది. టేబుల్ మీద పెట్టిన పళ్లే, ఆమె పెరట్లో కాసినవి.

"నిన్న నువ్వు తినలేదు. నేను చూశాను" అంది.

లిహూయిలో చెకిన్ కంటే ముందే వ్యవసాయ శాఖ వాళ్ల తనిఖీ ఉంటుంది. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి: అక్కడి పచ్చి పళ్లు చాలావరకు మెయిన్‌లాండ్ అమెరికాకి తేనివ్వరు, అనాసపండు ఫరవాలేదు, కమలా జాతివి కుదరదు. మెషిన్ దగ్గరున్న ఆవిడ మర్యాదగానే చెప్పింది. "ఇక్కడ తినేయండి, లేదా ఆ డబ్బాలో వేసేయండి."

బెంచీ మీద కూర్చున్నాం. అమృత ఒకటి ఒలుచుకుంది, ఒకటి వాళ్లమ్మకి ఇచ్చింది, మూడోది నా ముందు పెట్టింది. నా చెయ్యి ముందుకు వెళ్లలేదు. ఇచ్చింది అమృతకి. అందులో నాకు వాటా ఉందో లేదో ఆంటీ చెప్పలేదు, నేను అడగలేదు. లినెట్‌కి మెసేజ్ పెడదామని ఫోన్ తీసి, ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక మళ్లీ జేబులో పెట్టేశాను.

"తిను నాన్నా" అంది అమృత. ముందురోజు మధ్యాహ్నం నుంచి నాతో తనంతట తాను మాట్లాడ్డం అదే మొదటిసారి.

"వద్దమ్మా" అని లేచి, నా పండు తీసుకెళ్లి డబ్బాలో వేసి వచ్చాను. అది మర్యాద అనుకున్నాను.

విమానంలో కుడివైపే సీట్లు. ఈసారి మబ్బుల్లేవు. పచ్చటి కొండలు, ఎర్రటి లోయ, సముద్రపు అంచున తెల్లటి నురగ, అన్నీ కనిపించాయి. ప్రయాణమంటే కొత్త చోటు చూసి రావడమనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. నేను ఆ దీవిలో చూసింది చాలా తక్కువ, చూపించుకున్నది చాలా ఎక్కువ. ఒక ఊరు తన గుడిని అంగుళం తేడా లేకుండా మళ్లీ కట్టుకుంది. అందులోకి మమ్మల్ని చుట్టాలుగా కూడా కాదు, కావలివాళ్లుగా పిలిచింది. నేను వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాను.

ఓక్లాండ్‌లో దిగేసరికి సాయంత్రమైంది. విమానం గేటు దగ్గరికి వెళ్తుండగా ఫోన్ ఆన్ చేశాను. లినెట్ నుంచి మెసేజ్ ఉంది.

"పళ్లు తియ్యగా ఉన్నాయా అని ఆంటీ అడుగుతోంది. శ్రీనే అడగమంది. నిన్న అందరికీ ఉన్నదంతా వడ్డించేసి నువ్వు తర్వాత ఏమీ తినలేదట కదా. నీకూ ఒకటి ఉండాలని మూడు ఇచ్చిందట."

రెండుసార్లు చదివాను. ఫోన్ పద్మకి ఇచ్చాను. ఆమె చదివి అమృతకి ఇచ్చింది. సీటు బెల్టులు విప్పిన చప్పుళ్లు, పైనుంచి సామాన్లు దించుకునే హడావిడి. నేను లేవలేదు.

"తియ్యగా ఉన్నాయని రాసేయనా?" అన్నాను అమృతతో. "నువ్వు తిన్నావు కదా, ఎలా ఉన్నాయి?"

"నేను చెప్పను" అంది అమృత. గొంతులో కోపం లేదు. ఫోన్ నా చేతిలో పెట్టింది. "నీకు తెలిసిందే రాయి నాన్నా."

వెనకవాళ్లు దారి ఇమ్మని అడుగుతున్నారు. లేచి నిలబడి టైప్ చేశాను.

"నాకు తెలియదు ఆంటీ."